అమ్మాయికి తారు రోడ్ల కంపెనీలో ఉద్యోగమా?

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ డిప్లొమా పూర్తిచేసింది. ఒక రోడ్డు కాంట్రాక్టు కంపెనీ తమ హాట్‌మిక్స్ ప్లాంటులో, క్వాలిటీ ల్యాబ్‌లో ఉద్యోగం ఇస్తానంటోంది. ఊరికి దూరం, క్యాంపులో ఉండాలి. ఆడపిల్లకు తారు పనేంటని బంధువులంటున్నారు. తనేమో వెళ్తానని పట్టుబట్టింది. పంపమంటారా?
– ఒక తండ్రి, నంద్యాల జిల్లా

జవాబు: పంపండి. కాకపోతే కంపెనీని కొన్ని విషయాలు అడిగాకే పంపండి.

ముందు మీ బంధువుల సంగతి. రోడ్డు పని జరిగేచోట పది నిమిషాలు నిలబడి చూడమనండి. కంకర గంపలు మోసేవాళ్లలో, తారు పోసేముందు దుమ్ము ఊడ్చేవాళ్లలో ఎంతమంది ఆడవాళ్లున్నారో కనిపిస్తుంది. పాలమూరు నుంచి వలసెళ్లిన కుటుంబాల్లో తరాలుగా ఇదే పని. అప్పుడెవరూ ఆడపిల్లకెందుకు అనలేదు. గంప పోయి చేతికి థర్మామీటరు, రిజిస్టరు వచ్చేసరికి అభ్యంతరం మొదలైంది.

ఇక పని. వీజీ-30 రకం తారు, కంకర కలిపిన మిక్స్ ప్లాంటులో 150 నుంచి 165 డిగ్రీల వేడి మీద తయారవ్వాలి. సైట్లో పరిచేటప్పటికి 140కి తగ్గకూడదు. 90కి పడిపోయేలోపు రోలింగ్ అయిపోవాలి. తర్వాత రోడ్డులోంచి గుండ్రటి ముక్క (కోర్) కోసి తీసి మందం, సాంద్రత చూస్తారు. వీటిలో కండబలం అడిగేది పెద్దగా లేదు.

కష్టం వేరేచోట ఉంది. నా సలహాతో ఈ పనిలో చేరిన ఒకమ్మాయిని సైట్లో చూశాను. దారిలో ఇరుక్కుపోయిన టిప్పర్ ఆలస్యంగా వచ్చింది. ఆమె టార్పాలిన్ తీయించి, లోడులోకి థర్మామీటరు గుచ్చింది. 118. వెనక్కి తీసుకెళ్లమంది. సూపర్‌వైజర్ “ఒక్క లోడే కదమ్మా, సర్దుకోవాలి” అన్నాడు. ఆమె వాదించలేదు. బండి నంబరు, టైము, వేడి రిజిస్టర్లో రాసి, డ్రైవరు చేత సంతకం పెట్టించింది. బండి తిరిగిపోయింది. మీ అమ్మాయి ఎండకు ఓర్చుకుంటుందా అని కాదు, ఇలా వద్దని చెప్పగలదా అని ఆలోచించండి. ఇంట్లో మీతోనే పట్టుబడుతోందన్నారుగా, చెప్పగలదు లెండి.

కంపెనీని అడగాల్సినవాటిలో నేను జీతం కన్నా ముందు పెట్టేది టాయిలెట్. క్యాంపులో ఉంటే సరిపోదు. పని కిలోమీటర్ల కొద్దీ సాగుతుంది, సైట్ దగ్గరా ఏర్పాటుండాలి. లేకపోతే ఎండాకాలంలో పొద్దంతా నీళ్లు తాగకుండా గడిపేస్తారు, ఆపైన యూరిన్ ఇన్‌ఫెక్షన్లు. రాత్రి పనుంటే క్యాంపుకు బండి ఎవరిది? పది మంది, అంతకుమించి పనిచేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది, అందులో ఎవరెవరున్నారు? ఇప్పటికే అక్కడ పనిచేస్తున్న ఒకమ్మాయితో ఫోన్‌లో మాట్లాడించమనండి. సేఫ్టీ షూ మీ అమ్మాయి సైజులో ఇస్తారా అనీ అడగండి. నవ్వకండి, వదులు బూట్లతో వేడి తారు పక్కన నడవడం ప్రమాదం.

ఇంకో చిక్కుంది. ఆడపిల్ల కదా అని ల్యాబ్‌లోనే ఉంచేస్తారు. మంచి మనసుతోనే. నాలుగేళ్ల తర్వాత ప్రమోషన్ దగ్గరికొస్తే “సైట్ అనుభవం లేదుగా” అంటారు. కాబట్టి ఏడాది తిరిగాక పేవర్ (తారు మిక్స్ పరిచే యంత్రం) వెంట పనిచేసే టీమ్‌లో వెయ్యమని తనే అడగాలి. ఆ అడగడమూ నోటిమాటగా కాదు, మెయిల్‌లో.

చదువు ఆపక్కర్లేదు. వానల్లో తారు పని సాగదు, పుస్తకాలు తియ్యడానికి అదే అదను. డిప్లొమా వాళ్లకు పెట్టే ఈసెట్ పరీక్ష రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ప్రభుత్వ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) పోస్టులకు నోటిఫికేషన్లు పడితే డిప్లొమాతోనే పోటీపడొచ్చు, మహిళలకు మూడో వంతు రిజర్వేషన్ కూడా ఉంది. ప్రకాశం జిల్లా పల్లె నుంచి వచ్చి కశ్మీర్ దారిలోని చీనాబ్ రైలు వంతెనకు ఏళ్ల తరబడి జియోటెక్నికల్ (నేల, రాతి పటిష్ఠత) సలహాదారుగా పనిచేసిన ప్రొఫెసర్ మాధవీలత చదివిందీ సివిలే. బంధువులు మళ్లీ వస్తే ఆమె పేరు చెప్పండి.

చేరేరోజు మీరూ వెంట వెళ్లి క్యాంపు చూసి రండి. అమ్మాయి వాళ్లమ్మనూ తీసుకెళ్లండి. బాత్రూమ్ తలుపుకు లోపల గడియ పడుతోందో లేదో మీకు తట్టదు, ఆమె ముందు అదే చూస్తుంది.