ఆహారంలోని అజ్ఞాత పదార్థాలు

ప్రశ్న: మనం తినే ఆహారంలో వేల రకాల సహజ రసాయనాలు ఉన్నాయనీ, వాటిలో చాలావాటి ప్రభావం ఇంకా తేలలేదనీ చదివాను. అటువంటి పదార్థం శరీరంలో ఏం చేస్తుందో ఎలా కనుక్కుంటారు? గాజు పాత్రలో పెంచిన కణాల మీద పని చేసిందని రుజువైతే సరిపోదా?

జవాబు: సరిపోదు. అయితే పత్రికల్లో వచ్చే ‘అద్భుత ఆహారం’ వార్తల్లో చాలా మటుకు అక్కడితోనే ఆగిపోతాయి కనుక మీకు ఆ సందేహం రావడం సహజమే.

అమెరికా వ్యవసాయ శాఖ పోషకాల పట్టికల్లో ఉండేవి 150 దాకా అంశాలు. ఆహారంలో ఉన్నట్టు నమోదైన రసాయనాలు మాత్రం 26,000కు పైమాటేనని శాస్త్రవేత్త ఆల్బర్ట్ లాస్లో బరబాసి బృందం 2019లో గుర్తుచేసింది. నమూనాలోని పదార్థాలను ఒకదాన్నుంచి ఒకటి వేరుచేసి, మాస్ స్పెక్ట్రోమీటరులో అణువులను విరగ్గొట్టి, ఆ ముక్కల బరువులను తెలిసిన పదార్థాల వాటితో పోల్చి పేరు పట్టుకుంటారు. దేనితోనూ పోలిక కుదరనివి ఎన్నో మిగిలిపోతూనే ఉంటాయి.

పేరు దొరికాక పని ఏమిటో తేల్చాలి. దీనికి ఒక్కోసారి నాలుకే దారి చూపిస్తుంది. గ్యారీ బోషాంప్ అనే శాస్త్రవేత్త ఇటలీలో తాజా ఆలివ్ నూనె రుచి చూసినప్పుడు గొంతులో ఒక ప్రత్యేకమైన మంట పుట్టింది. ద్రవరూపంలోని ఐబుప్రోఫెన్ అనే నొప్పి మందు మింగినప్పుడు కలిగే మంట అచ్చం అలాగే ఉంటుందని ఆయనకు అనుభవంలో తెలుసు. ఆ మంటకు కారణమైన పదార్థాన్ని వేరుచేసి, ప్రయోగశాలలో మళ్ళీ తయారుచేసి చూస్తే, ఐబుప్రోఫెన్ అడ్డుకునే ఎంజైములనే అదీ అడ్డుకుంటోందని 2005లో ప్రకటించారు. దానికి ఓలియోకాంథాల్ అని పేరు పెట్టారు. రోజుకు 50 గ్రాముల నూనె తాగినా అందేది నొప్పి మాత్ర మోతాదులో పదో వంతేనని ఆ పరిశోధకులే లెక్కగట్టి చెప్పారు. నాకు నచ్చింది ఆ నిజాయితీ.

కణాల మీది పరీక్షలు మోసపుచ్చే తీరు వేరు. పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ మీద కాంతి పడితే అది తానూ వెలుగుతుంది (ఇలాంటి పరీక్షలు చాలావాటిలో ఫలితాన్ని వెలువడే కాంతిని బట్టే కొలుస్తారు), కనబడిన ప్రొటీనుకల్లా అతుక్కుంటుంది, త్వరగా విచ్ఛిన్నమవుతుంది. అందువల్ల ఏ పరీక్ష పెట్టినా పనిచేసినట్టే కనిపిస్తుంది. పైగా మనం తిన్నది తిన్నట్టుగా రక్తంలోకి చేరదు. ఉల్లిపాయల్లోని క్వెర్సెటిన్‌కు పేగు గోడ, కాలేయం వేరే అణువులను తగిలించి రూపం మార్చేస్తాయి. దానిమ్మలోని ఎల్లాజిటానిన్‌లను కొందరి పేగుల్లోని సూక్ష్మజీవులు యురోలిథిన్‌లుగా మారుస్తాయి, మరికొందరిలో ఆ మార్పు జరగనే జరగదు. శరీర కణాలకు ఎన్నడూ ఎదురుపడని రూపాన్ని తెచ్చి వాటి మీద పోసి పరీక్షిస్తే వచ్చే ఫలితానికి విలువ ఎంత?

చివరకు మనుషుల మీద చూడక తప్పదు. క్యారెట్‌కు రంగునిచ్చే బీటా కెరోటిన్ ఉన్న కూరగాయలు ఎక్కువగా తినేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని గమనించి, ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది పురుషులతో ఒక పరీక్ష నడిపారు. 1994లో వెలువడిన ఫలితం తలకిందులైంది: బీటా కెరోటిన్ మాత్రలు తీసుకున్నవారిలో ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించింది.

ప్రశ్న: కొన్ని రక్తపోటు మాత్రలు వేసుకునేవారు గ్రేప్‌ఫ్రూట్ (నారింజ జాతికి చెందిన చేదు పండు) రసం తాగకూడదంటారు. రసానికీ మాత్రకూ మధ్య కొన్ని గంటల ఎడం ఉంచితే చాలదా?

జవాబు: చాలదు. ఈ సంగతి బయటపడింది యాదృచ్ఛికంగానే. ఫెలోడిపిన్ అనే రక్తపోటు మందుకూ మద్యానికీ సంబంధాన్ని పరీక్షిస్తూ, మద్యం రుచి తెలియకుండా ఆ రసం కలిపి ఇస్తే, రక్తంలో మందు అనుకున్నదానికంటే ఎన్నో రెట్లు పెరిగిందని 1989లో కెనడా పరిశోధకులు ప్రకటించారు. మొదట అనుమానం చేదునిచ్చే నారింజిన్ మీదికి పోయింది. అసలు కారణం ఆ రసంలోనే ఉండే ఫ్యూరానోకూమరిన్‌లు అనే వేరే పదార్థాలు. వాటిని మాత్రమే తొలగించిన రసం తాగించి చూస్తే మందు పెరగడం ఆగిపోయిందని 2006లో తేలింది. పదార్థాన్ని కలిపితే ప్రభావం కనిపించడమే కాదు, తీసేస్తే మాయం కావడం కూడా చూపించగలిగిన సందర్భాలు ఈ రంగంలో అరుదు. ఇవి పేగు గోడలో మందును విరిచే ఎంజైమును శాశ్వతంగా పాడుచేస్తాయి కనుక, పేగు కొత్త ఎంజైమును తయారుచేసుకునేదాకా, అంటే ఒక రోజు లేదా అంతకు మించి, ఆ ప్రభావం ఉంటుంది. మీ మాత్ర ఈ కోవకు చెందినదో కాదో డాక్టరును అడిగి తెలుసుకోండి. రక్తపోటు మందులన్నీ ఇలాంటివి కావు.