అవసరంలో ఉన్న పిల్లలకి ఫ్రీగా స్కూల్ సామాన్లు ఇవ్వాలంటే ఏం చూసుకోవాలి?

ముందు ఆ స్కూల్ టీచర్ని అడగండి, సగం పని అక్కడే అయిపోతుంది. ఏ క్లాసుకి రూళ్ల నోట్‌బుక్‌లు, దేనికి తెల్లవి అనేది వాళ్లకే తెలుసు, మనకి తోచినవి కొనేసి పట్టుకెళ్తే నాలుగు గీతల నోట్‌బుక్ కావాల్సిన బుడ్డోడి చేతిలో 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ పడుతుంది, అదేం చేసుకుంటాడు పాపం. ఇంకోటి, అందరూ స్కూల్ తెరిచేటప్పుడే ఇస్తారు గానీ పెన్సిళ్లు, రబ్బర్లు, నోట్సులు సగం ఏడాదికే అయిపోతాయి, అందుకే కొంత స్టాక్ టీచర్ దగ్గరే ఉంచితే అయిపోయిన వాళ్లకి చప్పుడు లేకుండా ఇస్తారు. బ్యాగులైతే జిప్పు రెండు మూడు సార్లు లాగి చూసి కొనండి, ముందు పోయేది అదే. స్టేజీ ఎక్కించి ఫొటోలు మాత్రం వద్దండీ, పిల్లలకి నామోషీ.