హీట్‌సింక్ ముందు బిగించాలా, సోల్డరింగ్ ముందు చేయాలా?

తమ్ముడూ, బోరు మోటారు స్టార్టర్ కోసం నాలుగు రిలేల బోర్డు చేసుకున్నానని, 12 వోల్టుల అడాప్టర్ నుంచి 7805 అనే వోల్టేజి తగ్గించే ఐసీతో 5 వోల్టులు తీస్తున్నానని రాశావు. ఇంట్లో బాగా నడిచిన బోర్డు పొలంలో పెట్టాక మధ్యాహ్నాలు దానంతటదే ఆగిపోతోంది, ఐసీ వేడిని లాగేసే లోహపు రేకును, అదే హీట్‌సింక్‌ను, చేత్తో కదిపితే మళ్లీ పని చేస్తోంది, ఐసీ మార్చాలా అని అడిగావు.

ఇప్పుడే మార్చకు. మెయిన్ ఆఫ్ చేసి, బోర్డు బయటికి తీసి తిరగేసి, 7805 మధ్య పిన్ను టంకాన్ని ఫోన్ కెమెరాలో జూమ్ చేసి చూడు. పిన్ను చుట్టూ వెంట్రుకంత సన్నటి నల్ల గీత గుండ్రంగా కనిపిస్తే అదే నీ జబ్బు. కదిపితే పని చేస్తోందంటే నాకు మొదటి అనుమానం దాని మీదే.

మధ్య పిన్నే ఎందుకంటే, ఈ రకం ఐసీలో మధ్య కాలు, వెనక ఉన్న ఇనుప రేకులాంటి ట్యాబు లోపల ఒకటే లోహం. హీట్‌సింక్ బిగించి ఉన్నప్పుడు నువ్వు ఐరన్ పెడితే ఆ వేడంతా పైకి హీట్‌సింక్‌లోకి పోతుంది. పక్క రెండు పిన్నులు రెండు సెకన్లలో నిగనిగలాడుతూ అతుక్కుంటాయి, మధ్యది మాత్రం మసకగా, ముద్దలా నిలుస్తుంది. పైగా స్టార్టర్ డబ్బాలో మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్, అదే కాంటాక్టర్, పడ్డప్పుడల్లా డబ్బా మొత్తం అదురుతుంది. హీట్‌సింక్ బరువంతా ఆ మూడు కాళ్ల మీదే ఉంటే ముందు విడిపోయేది సరిగ్గా అంటనిదే.

అలాగని హీట్‌సింక్ లేకుండా ముందు సోల్డర్ చేసి తర్వాత స్క్రూ బిగించకు. నేను మొదట్లో అలాగే చేసేవాణ్ని. స్క్రూ బిగిసేకొద్దీ ట్యాబు హీట్‌సింక్ వైపు లాగబడుతుంది, కాళ్లేమో బోర్డులో కదలకుండా ఉంటాయి. ఆ లాగుడంతా టంకం మీద, ఐసీ ఒంటి మీద పడుతుంది. ఆ రోజు పని చేస్తుంది, నాలుగు నెలలకు పగులుతుంది.

నేనిప్పుడు చేసే పద్ధతి చెప్తా. కాళ్లు వంచాల్సి వస్తే ఐసీ ఒంటి దగ్గర నోస్ ప్లయర్‌తో గట్టిగా పట్టుకుని, ప్లయర్ అవతలి భాగాన్నే వంచుతా. ట్యాబుకు వెనక తెల్ల పేస్టు పల్చగా, కింద లోహం లీలగా కనిపించేంత మాత్రమే రాస్తా. ఎక్కువ రాస్తే చల్లగా ఉంటుందనుకుంటారు, అది తప్పు. లోహానికి లోహం తగలని చిన్న సందులు నింపడానికే ఆ పేస్టు. తర్వాత స్ప్రింగ్ వాషర్ వేసి 3 ఎంఎం స్క్రూతో ఐసీని హీట్‌సింక్‌కు బిగించి, కాళ్లు రంధ్రాల్లో పెట్టి, హీట్‌సింక్‌ను కూడా బోర్డుకు స్క్రూతో పట్టిస్తా. అన్నీ కదలకుండా కూర్చున్నాకే సోల్డరింగ్. మధ్య పిన్నుకు 25 వాట్ల ఐరన్ చాలకపోతే పెద్ద బిట్టున్న 60 వాట్లది తీసుకుంటా. చిన్న ఐరన్‌ను అరనిమిషం అదిమి పెడితే డాట్ బోర్డు మీది రాగి చుక్క లేచొస్తుంది. నీ పగిలిన టంకం మీద కొత్త సీసం పొయ్యకు. పాతది పీల్చేసి, టంకం బాగా అంటడానికి కొంచెం ఫ్లక్స్ పెట్టి మళ్లీ మొదటి నుంచి చెయ్యి.

ఇక మధ్యాహ్నమే ఎందుకంటే, నీ బోర్డు అర ఆంపియర్ తీసుకుంటే 7805 మీద మిగిలే 7 వోల్టులు 3.5 వాట్ల వేడి అవుతాయి. హీట్‌సింక్ లేకపోతే ఈ ఐసీ వాటుకు దాదాపు 65 డిగ్రీలు పెరుగుతుంది. లోపలి చిప్పు 125 డిగ్రీలు దాటకూడదు. మే నెలలో మన నల్లగొండ ఎండకు ఇనుప డబ్బా లోపల 60 అనుకో. మిగిలేది 65 డిగ్రీలు, దాన్ని 3.5తో భాగిస్తే వాటుకు 18.5. అందులో ఐసీ సొంతానికి 5, పేస్టుకు ఒకటి పోతే హీట్‌సింక్ వాటుకు 12 డిగ్రీలకు మించకూడదు. నేనైతే 10 లోపుది పెడతా. వేలెడంత యూ ఆకారపు రేకు 20 పైనే ఉంటుంది, నీ డబ్బాకు అది సరిపోదు. కెపాసిటర్లను కూడా దానికి ఒక వేలి దూరంలో పెట్టు, వేడికి అవి తొందరగా ఎండిపోతాయి.

ఒక్క విషయం మాత్రం మర్చిపోకు. 7805 ట్యాబు గ్రౌండే, కాబట్టి నీకు మధ్యలో కరెంటు దాటకుండా వేసే మైకా రేకు అవసరం లేదు. అన్నీ అంతే అనుకోవద్దు. ఇలాంటి ఐసీల్లోనే ఎల్ఎం317 ట్యాబు అవుట్‌పుట్, మైనస్ 12 వోల్టులిచ్చే 7912 ట్యాబు ఇన్‌పుట్. బతుకమ్మకు మా వాడకట్టు మైకు కోసం ప్రీయాంప్లిఫయర్ చేస్తూ, కోఠి గుజరాతీ గల్లీలో కొన్న 7812, 7912 రెండింటినీ ఒకే హీట్‌సింక్‌కు నేరుగా బిగించాను. 7912 ఇన్‌పుట్ హీట్‌సింక్ మీదుగా గ్రౌండ్‌కు షార్ట్ అయి, స్విచ్ వేయగానే ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంది, డయోడ్లు రెండు కాలిపోయాయి. రెండోసారి మైకా, స్క్రూ ట్యాబుకు తగలకుండా ప్లాస్టిక్ బుష్ వేశాను, అయినా మల్టీమీటర్ బీప్ కొట్టింది. విప్పి చూస్తే డ్రిల్ చేసిన రంధ్రం అంచున ఆవగింజంత అల్యూమినియం ముల్లు మైకాను గుచ్చి ఉంది. అప్పటి నుంచి ప్రతి రంధ్రాన్నీ పెద్ద డ్రిల్ బిట్టును చేత్తో తిప్పి నున్నగా చేస్తాను, కరెంటు ఇచ్చే ముందు ట్యాబుకూ హీట్‌సింక్‌కూ మధ్య మీటర్ పెట్టి చూస్తాను.

టంకం మళ్లీ చేశాక కూడా ఆగిపోతుంటే నీ హీట్‌సింక్ పొడవు, వెడల్పు, అడాప్టర్ మీద రాసి ఉన్న ఆంపియర్లు ఇక్కడే పెట్టు. మధ్య పిన్ను ఫొటో కూడా దగ్గరగా తీసి పెట్టు, చూసి చెప్తా.