గొర్రెల ఈత కాలం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఉమ్మనీటి తిత్తి పగిలాక ఎంతసేపు ఆగాలి? తొందరపడి చెయ్యి పెడితే ప్రమాదమంటారు, ఆగితే పిల్ల దక్కడం లేదు.

తిత్తి కనబడకముందు గొర్రె మందను వదిలి ఓ మూలకు చేరుతుంది, కాలితో నేల గీరుతుంది, పడుకుంటుంది, లేస్తుంది. ఈ దశ రెండు నుంచి ఆరు గంటలు సాగవచ్చు. తొలిచూలుదైతే ఇంకా ఎక్కువే. అప్పుడు దాని జోలికి పోవద్దు. గట్టిగా ముక్కడం మొదలయ్యాక మాత్రం గడియారం చూడండి. అరగంట ముక్కినా ఏమీ బయటికి రాకపోతే లోపల చూడాల్సిందే.

గోళ్లు కత్తిరించుకుని, ఉంగరాలు తీసేసి, మోచేతి దాకా కడుక్కుని, పొడుగు గ్లవుజు తొడిగి, జారుడు జెల్ ధారాళంగా రాసుకోండి. గిన్నెలు తోమే సబ్బు వాడొద్దు. అది లోపలి జిగురును కడిగేసి మంట పుట్టిస్తుంది.

రెండు ముంగాళ్లు, వాటి మీద ఆనించినట్టు ముక్కు తగిలితే పిల్ల సరిగ్గా ఉన్నట్టే. తగిలిన కాలు ఏదో తేల్చుకోవడానికి గిట్ట పైనున్న రెండు కీళ్లు చూడండి. రెండూ ఒకే వైపు వంగితే ముంగాలు, ఒకదానికొకటి ఎదురుగా వంగితే వెనక్కాలు. ఆ తర్వాత కాలి వెంబడే వేళ్లు పోనిచ్చి భుజం దాకా తడిమి, రెండు కాళ్లూ తలా ఒకే పిల్లవని రూఢి చేసుకోండి. ఇది వదిలేస్తే కవలల్లో ఒకదాని కాలూ మరోదాని తలా కలిపి లాగేస్తారు. అప్పుడు తల్లికే ముప్పు.

తల గానీ కాలు గానీ వెనక్కి మడిచి ఉంటే, నొప్పులు ఆగిన క్షణంలో పిల్లను కాస్త లోపలికి నెట్టి సవరించాలి. గిట్టను అరచేతిలో దాచి ముందుకు తెస్తే గర్భసంచికి గీసుకోదు. నొప్పి వచ్చినప్పుడే, తల్లి కాళ్ల వైపు కిందికి లాగండి. రెండు వెనక్కాళ్లూ ముందుగా వస్తుంటే తిప్పబోకండి, అలాగే రానివ్వండి. అయితే పిల్ల తుంటి బయటపడ్డాక ఆగకూడదు. తల లోపల ఉండగానే బొడ్డుతాడు నలిగి, పిల్ల ఉమ్మనీరు పీల్చేస్తుంది. తోక ఒక్కటే తగిలినా, పది పదిహేను నిమిషాల్లో సవరణ కుదరకపోయినా పశువైద్యుణ్ని పిలవండి.

పిల్ల పడగానే ముక్కు, నోరు తుడిచి, గడ్డితో ఒళ్లు గట్టిగా రుద్దండి. బొడ్డు మొత్తం తడిసేలా 7 నుంచి 10 శాతం టింక్చర్ అయోడిన్‌లో ముంచి, కొన్ని గంటల తర్వాత మళ్లీ ముంచండి.

ప్రశ్న: పుట్టి ఒకరోజైన పిల్ల తెల్లారేసరికి చల్లబడి, తల కూడా ఎత్తలేకుండా పడి ఉంది. వేడి దీపం కింద పెట్టాం. ఒళ్లు వెచ్చబడింది గానీ కొట్టుకుని కొట్టుకుని చచ్చిపోయింది. ఎక్కడ పొరపాటు జరిగింది?

వేడి చేయడం తప్పు కాదు, వరస తప్పింది. పిల్ల పుట్టేటప్పుడు ఒంట్లో తెచ్చుకున్న కొవ్వు దాదాపు ఐదు గంటలకు సరిపోతుంది. ఆ తర్వాత పాలే దిక్కు. పాలు తాగని పిల్ల రక్తంలో చక్కెర అడుగంటి ఉంటుంది. ఆ స్థితిలో వెచ్చబెడితే మెదడు ఒక్కసారిగా చక్కెర కోరుతుంది, దొరకక ఫిట్స్ వస్తాయి.

అందుకే ముందు థర్మామీటర్ పెట్టండి. ఆరోగ్యంగా ఉన్న పిల్లకు 39 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. 37కీ 39కీ మధ్య ఉంటే ఒళ్లు ఆరబెట్టి, పాలు పట్టి, గాలి తగలని చోట తల్లితోనే ఉంచితే చాలు. 37 కంటే తక్కువైతే వయసు లెక్కలోకి వస్తుంది. ఐదు గంటలలోపు పిల్లయితే ఆరబెట్టి, వెచ్చబెట్టి, తర్వాత పాలు పట్టండి. అంతకంటే పెద్దదై తల నిలుపుకోగలిగితే ముందు నోటి నుంచి కడుపులోకి దింపే గొట్టంతో పాలు, ఆ తర్వాత వేడి. తల వాల్చేస్తే గొట్టం వేయనే వేయొద్దు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దానికి 20 శాతం గ్లూకోజ్, కిలోకు 10 మిల్లీలీటర్ల చొప్పున, కడుపు కుహరంలోకి ఇంజెక్షన్‌గా ఇచ్చాకే వేడి. అంటే 4 కిలోల పిల్లకు 40 మిల్లీలీటర్లు. గ్లూకోజ్ ఒంటి వేడికి సమానంగా గోరువెచ్చగా ఉండాలి. సూది ఎక్కడ, ఏ వాలున గుచ్చాలో ఈత కాలానికి ముందే పశువైద్యుడి దగ్గర చేసి చూసి నేర్చుకోండి. చదివి చేసే పని కాదిది.

వెచ్చబెట్టే పెట్టెలో గాలి 40 డిగ్రీలు దాటనీయొద్దు. అరగంటకోసారి జ్వరం కొలిచి, 37 దాటగానే బయటికి తీసి పాలు పట్టండి.

ప్రశ్న: ముర్రుపాలు ఎన్ని పట్టాలి? తల్లికి పాలు లేకపోతే?

మొదటి రెండు గంటల్లో కిలోకు 50 మిల్లీలీటర్లు, మొదటి 24 గంటల్లో మొత్తం కిలోకు 200. రోగాన్ని ఆపే యాంటీబాడీలు ముర్రుపాలలోనే ఉంటాయి, పిల్ల పేగు వాటిని పీల్చుకునే శక్తి గంటగంటకూ తగ్గి, ఒకరోజుకు దాదాపు మూసుకుపోతుంది. ముందు రెండు చన్నులూ పిండి చూడండి. చివర మైనంలా గట్టిపడిన బిరడా ఊడితే ధార వస్తుంది. చాలాసార్లు పాలు లేవనుకున్న గొర్రెకు అడ్డం అదే.

నిజంగా లేకపోతే అదే మందలో అప్పుడే ఈనిన మరో గొర్రె పాలు అన్నిటికంటే మేలు. ఫ్రీజర్‌లో దాచినవైతే 50 డిగ్రీలు దాటని నీళ్లలో ఉంచి కరిగించండి. మైక్రోవేవ్ వద్దు, యాంటీబాడీలు పాడవుతాయి. గొట్టాన్ని ముందే పిల్ల ముక్కు నుంచి చివరి పక్కటెముక దాకా కొలిచి గుర్తు పెట్టుకోండి. దింపేటప్పుడు పిల్ల దగ్గితే వెంటనే తీసేయండి.

ప్రశ్న: కవలల్లో ఒకదాన్ని తల్లి తన్నేస్తోంది.

ముందు పొదుగు పట్టుకు చూడండి. వేడిగా, గట్టిగా ఉంటే అది పొదుగువాపు, మందు పడాలి. తర్వాత పిల్ల నోట్లో వేలు పెట్టి పళ్లు గుచ్చుకుంటున్నాయేమో చూడండి. రెండూ కాకపోతే తల్లినీ పిల్లలనూ ఒకటిన్నర మీటర్ల చదరపు గదిలో పెట్టి, తల్లి తల మాత్రమే ముందుకు వచ్చేలా కట్టుచట్రంలో ఉంచండి. మేత, నీళ్లు అందాలి, పడుకోగలగాలి. మూడు నాలుగు రోజుల్లో చాలా తల్లులు దారికొస్తాయి.

ప్రశ్న: మాయ సగం వేలాడుతోంది. లాగేయవచ్చా?

వద్దు. లాగితే గర్భసంచి చిరగవచ్చు, బయటికే రావచ్చు. చాలావాటికి ఆరు గంటల్లోపు దానంతటదే పడుతుంది. 12 గంటలు దాటాక కూడా పడకపోయినా, గొర్రె మేత మానేసినా, దుర్వాసన వచ్చినా పశువైద్యుణ్ని పిలవండి.

ప్రశ్న: మా కోడలు గర్భిణి. ఈతల పనికి సాయం రావచ్చా?

రానివ్వకండి. గొర్రెల్లో ఈసుకుపోవడానికి, అంటే నెలలు నిండకముందే పిల్ల పడిపోవడానికి, కారణమయ్యే క్లామిడియా, టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవులు ఉమ్మనీటిలో, మాయలో ఉంటాయి. అవి మనిషి కడుపులోని బిడ్డకూ చేటు చేస్తాయి. పైకి ఆరోగ్యంగా కనిపించే గొర్రె నుంచి కూడా సోకవచ్చు. ఆ పనిలో తొడిగిన బట్టలు, బూట్లు కూడా ఆమె ముట్టకూడదు. వాటిని పని చేసినవాళ్లే, వేరుగా ఉతుక్కోవాలి.