చిన్న పడకగది విశాలంగా కనిపించాలంటే ముందు గుమ్మంలో నిలబడి చూడండి

భీమవరంలోని మీ సొంత ఇంట్లో 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న పడకగదిలో మంచం, బీరువా, పిల్లవాడి చదువు బల్ల సర్దాక కాలు పెట్టే చోటు లేనట్టు ఉందని, గోడలకు తెల్ల రంగు వేయిస్తే గది పెద్దదిగా కనిపిస్తుందా అని అడిగారు. పాలకొల్లులో మా పడకగది కూడా అదే కొలత. నా అనుభవంలో రంగుది రెండో స్థానమే. గుమ్మంలో నిలబడిన మనిషి చూపు ఏ అడ్డూ లేకుండా ఎంత దూరం వెళుతుందన్నది మొదట చూసుకోవాలి.

కోనసీమలోని మా అమ్మమ్మగారి మండువా లోగిలిలో గదులు మీ గదికన్నా చిన్నవే అయినా అక్కడ ఇరుకు అనిపించేది కాదు. గది తలుపు తెరవగానే చూపు మండువా మీదుగా అవతలి వసారా దాకా సాగిపోయేది, పైనుంచి వెలుతురు ధారాళంగా దిగేది. నేటి శ్లాబు ఇళ్లలో మండువా లేదు కనుక ఆ పని అంతా కిటికీయే చేయాలి. ఉక్కపోత ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో గది నేల వైశాల్యంలో ఆరో వంతుకు తగ్గకుండా గాలి, వెలుతురు వచ్చే తెరుపులు ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. అంటే మీ గదికి దాదాపు 17 చదరపు అడుగులు ఉండాలి. అంత ఉన్న కిటికీని సైతం బీరువాతో సగం మూసేసే ఇళ్లు చాలా చూశాను.

మా ఇంట్లోనూ ఆరున్నర అడుగుల ఇనుప బీరువా కిటికీ పక్కనే ఉండేది. దాన్ని తలుపు ఉన్న గోడకు మార్చిన రోజే గది స్వరూపం మారిపోయింది. లోపలికి రాగానే ఇప్పుడు మొదట కనిపించేది కిటికీ, దాని వెలుగు పక్క గోడ పొడవునా పరుచుకుంటుంది. బీరువా నైరుతి మూలనే ఉండాలన్న పట్టింపు మీకుంటే దాన్ని కదపకుండా మంచాన్ని, బల్లను సర్దుకోండి. అయితే ఆ మూల కిటికీకి ఆనుకుని ఉంటే మాత్రం ఇంట్లో పెద్దవారితో ఒకసారి మాట్లాడి చూడమంటాను.

నేల ఎంత కనిపిస్తే గది అంత పెద్దదిగా తోస్తుంది. కాళ్లున్న మంచం కింద నేల గోడ దాకా కనిపిస్తుంది కాబట్టి అదే మంచిదంటారు, అది నిజమే. కానీ పెట్టె మంచం వల్ల మరో అలమర, అటక మీది మూటలు తప్పుతాయనుకుంటే నేను పెట్టె మంచానికే ఓటు వేస్తాను. చదువు బల్లను గోడకు బిగించి, పని లేనప్పుడు మడిచేలా చేయించండి.

మన ప్రాంతంలో దోమతెర మాట తప్పనిసరిగా చెప్పుకోవాలి. నాలుగు మూలలా తాళ్లు కట్టిన తెర పగలంతా వేలాడుతుంటే, ఎంత అందంగా సర్దిన గదైనా సగానికి కుంచించుకుపోయినట్టు ఉంటుంది. కిటికీకి మెష్ బిగిస్తే ఆ ఇబ్బంది ఉండదు. అయితే మెష్ మీద దుమ్ము పేరుకుంటే వెలుతురు బాగా తగ్గుతుంది, కనుక సులువుగా ఊడదీసి కడుక్కునే చట్రం పెట్టించాలి.

ఇక రంగు విషయం. చెమ్మ మరకలు కనబడకుండా గోడల కింది భాగానికి మూడు నాలుగు అడుగుల ఎత్తున ముదురు రంగు ఆయిల్ పెయింటు వేయిస్తుంటారు. ఆ గీత దగ్గర గోడ రెండు ముక్కలై పొట్టిగా కనిపిస్తుంది. పైగా డెల్టాలో భూగర్భజలం పైపైనే ఉండటం వల్ల గోడల్లోకి ఎగబాకే తేమకు బయటికి దారి లేక, ఆ పెయింటు బుడగలుగా ఉబ్బి పెచ్చులూడుతుంది. ముందు చెమ్మకు మరమ్మతు చేయించి, గోడ పూర్తిగా ఆరాక, గోడలకూ పైకప్పుకూ ఒకే లేత మీగడ రంగు వేయించండి. గోడ ఎక్కడ ముగిసిందో, కప్పు ఎక్కడ మొదలైందో కంటికి ఆనకపోవడంతో ఎత్తు పెరిగినట్టు ఉంటుంది. వెలుతురు తక్కువ ఉన్న గదిలో పాలరాతి తెలుపు బూడిద రంగులా కనిపిస్తుంది కాబట్టి దాని జోలికి వెళ్లవద్దు. ఫాల్స్ సీలింగు కూడా వద్దు, ఉన్న ఎత్తును అదే తినేస్తుంది.

నిలువుటద్దం నిజంగా పనికొస్తుంది, కానీ అందులో ఏం ప్రతిబింబిస్తుందో చూసి పెట్టాలి. దండెం మీది బట్టలు అందులో కనిపిస్తే గందరగోళం రెట్టింపవుతుంది. మా గదిలో గుమ్మానికి ఎదురుగా కిటికీ ఉంది. పక్క గోడకు సరిగ్గా నడుమ అద్దం పెట్టడం వల్ల గుమ్మంలో నిలబడితే కిటికీ, బయటి కొబ్బరి మట్టలతో సహా, రెండోసారి కనిపిస్తుంది. వాన జల్లు కొట్టే బయటి గోడకు మాత్రం అద్దం ఆనించకండి, తేమకు వెనక పూత అంచుల నుంచి నల్లబడుతుంది. లోపలి గోడకైనా చిన్న చెక్క ముక్కలు పెట్టి కాస్త సందు వదలండి.

కర్టెను కడ్డీని కిటికీ చట్రం మీద కాక కప్పుకు దగ్గరగా, రెండు వైపులా అరడుగు అదనంగా వేయించండి. పగలు తెర లాగినప్పుడు గుడ్డ గోడ మీదికి పోయి కిటికీ మొత్తం తెరుచుకుంటుంది. రాత్రి వేళ ఒక్క ట్యూబులైటుతో ఎదుటి మూలలు చీకటిగా ఉండిపోతాయి కాబట్టి, బల్ల ఉన్న మూలలో గోడ మీదికి వెలుగు పడేలా మరో చిన్న దీపం పెట్టించండి, పిల్లవాడి చదువుకూ పనికొస్తుంది.