నలభై దాటాక సైకిల్ మొదలుపెడితే నిజంగా ఏం మారుతుంది? అదీ హైదరాబాద్‌లో?

మీరు రెండు విషయాలు అడిగారు. నలభై దాటాక సైకిల్ తొక్కడం మొదలుపెడితే జీవితమే మారిపోతుందంటున్నారు, నిజమేనా? ఈ ట్రాఫిక్‌లో అది అసలు కుదిరే పనేనా? రెండోదానికి ముందు చెప్తాను. ఊరంతా కుదరదు. మీ ఇంటికీ మీ ఆఫీసుకీ మధ్య కుదురుతుందా అన్నది మాత్రం చూసుకోవచ్చు. మొదటిదానికి నా జవాబు అవుననే, కాకపోతే అందరూ చెప్పే చోట కాదు.

నాకు 46 ఏళ్లు. తార్నాకలో ఇల్లు, సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ దగ్గర ఆఫీసు. ఇంట్లో మా ఆయన, ఇంటర్ చదివే మా అబ్బాయి, మా అత్తయ్య. మూడేళ్ల కిందట ఆఫీసులో పెట్టిన హెల్త్ క్యాంపులో నా హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష, 6.2 అని తేలింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీ డయాబెటిస్ అంటారు, అంటే షుగర్ గుమ్మం దాకా వచ్చి నిలబడిందన్నమాట. డాక్టరుగారు మందులు రాయలేదు. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలే పని ఏదో ఒకటి చెయ్యమన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్కా అదే.

చెప్పడం తేలికే. పొద్దున్న ఐదున్నరకి నేను పార్కు చుట్టూ తిరుగుతుంటే ఇక్కడ కుక్కర్ ఎవరు పెడతారు? సాయంత్రం జిమ్‌కి పోతే పిల్లాడి ట్యూషన్ సంగతేంటి? కొత్తగా గంట తెచ్చుకునే వీలు నాకు లేదు. రోజులో ఎలాగూ పోయే టైమ్ ఒక్కటే ఉంది, ఆఫీసుకి వెళ్లి రావడం. ఆరేడు కిలోమీటర్లు. బస్సెక్కినా, సిగ్నళ్లు, స్టాపులో నిలబడటం అన్నీ కలుపుకుంటే ముప్పావుగంట. సైకిల్ మీద అరగంటకి కాస్త అటూ ఇటూ. చిన్నప్పుడు సూర్యాపేటలో గంటకింత అని అద్దె సైకిళ్లు తెచ్చుకుని అరపెడల్ తొక్కినదాన్నే, ఆ విద్య మర్చిపోయేది కాదు.

బరువు తగ్గుతుందని మొదలుపెట్టేవాళ్లకి ఒక మాట. ఏడాది తొక్కినా నేను మూడు కిలోలు కూడా తగ్గలేదు. తొక్కి వచ్చాక ఆకలి మామూలుగా ఉండదు, రెండు పూరీలు ఎక్కువ తిన్నామా, లెక్క సరి. షుగర్ విషయంలో మాత్రం తేడా కనిపించింది. మరుసటి ఏడాది 5.8కి దిగింది. రాత్రి అన్నం కూడా తగ్గించాను కాబట్టి గొప్పంతా సైకిల్‌దే అనను. కానీ దాని వెనక కారణం ఉంది. ఒంట్లో పెద్ద కండరాలు తొడల్లోనూ పిరుదుల్లోనూ ఉంటాయి. అవి పనిచేస్తున్నంతసేపూ ఇన్సులిన్ మీద పెద్దగా ఆధారపడకుండానే రక్తంలో గ్లూకోజ్‌ని లాక్కుంటాయి. ఆ ప్రభావం తొక్కడం ఆపాక కూడా కొన్ని గంటలు ఉంటుంది. అందుకే ఆదివారం ఒక్కరోజు నాలుగు గంటలు తొక్కి మిగతా వారమంతా కుర్చీలో కూర్చునేవాళ్లకన్నా రోజూ కొంచెం కొంచెం తొక్కేవాళ్లకి లాభం. ఇప్పటికే షుగర్ మందులో ఇన్సులినో వాడుతున్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టొద్దు. దారి మధ్యలో షుగర్ పడిపోతే కష్టం.

ఇక అసలు సంగతి. మగవాళ్లకి ఇది ఎంతవరకు ఎక్కుతుందో గానీ, ఇల్లూ ఆఫీసూ రెండూ మోసే ఆడవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. బస్సులో వెళ్లినన్నాళ్లూ నా ప్రయాణం నాది కాదు. ఎక్కగానే ఫోన్. “అమ్మా, నా నీలం చొక్కా ఎక్కడ?” “గ్యాస్ అతను వచ్చాడు, ఓటీపీ చెప్పు.” “సాయంత్రం కూరేంటి?” మధ్యలో ఆఫీసు నుంచి, “మేడమ్, ఆ ఫైలు మీ టేబుల్ మీదుందా?” దిగేసరికి ఇంటి పనీ ఆఫీసు పనీ చెరో సగం అయ్యుండేవి.

సైకిల్ మీద ఫోన్ ఎత్తడం కుదరదు. బ్యాగులో పెట్టి, బ్యాగుని వెనక క్యారియర్‌కి కట్టేస్తాను. మోగినా హారన్ల మధ్య వినపడదు. ఎత్తు ఎక్కుతున్నప్పుడు మాట్లాడేంత ఊపిరీ ఉండదు. మొదట్లో ఆఫీసుకి చేరి చూస్తే మిస్డ్ కాల్స్ వరసగా ఉండేవి, టెన్షన్ పడి అందరికీ తిరిగి చేసేదాన్ని. తీరా చూస్తే ఎవరూ దేనికీ ఆగలేదు. కొన్నాళ్లకి కాల్స్ రావడమే తగ్గింది. మా అబ్బాయి గ్యాస్ బుకింగ్‌కి వాడి నంబర్ ఇచ్చుకున్నాడు. కందిపప్పు డబ్బా ఏ అరలో ఉంటుందో పెళ్లైన ఇన్నేళ్లకి మా ఆయనకి తెలిసింది. అత్తయ్య నాకోసం చూడకుండా తనే టీ పెట్టుకుని, నాకూ ఒక కప్పు ఫ్లాస్కులో పోసి ఉంచుతున్నారు. వీళ్లెవరికీ నేను కూర్చోబెట్టి పాఠం చెప్పలేదు. పోను అరగంట, రాను అరగంట నేను అందుబాటులో లేను, అంతే.

ఆ అరగంటలో నేనేమీ గొప్ప ఆలోచనలు చెయ్యను. ముందున్న గుంట, పక్కనున్న ఆటో, ఎప్పుడు మారుతుందో తెలియని సిగ్నల్, ఇవే. ఆఫీసులో ఎవరైనా ఏదైనా అన్నా, ఆ మాట దారిలో మెట్టుగూడ దాకా నాతో వస్తుంది, తర్వాత గుర్తుండదు. ఇంట్లోకి అడుగుపెట్టాక ముందులా చిన్నదానికీ పెద్దదానికీ కసరట్లేదని నేను చెప్పడం కాదు, మా అబ్బాయే వాళ్ల పిన్నికి ఫోన్‌లో చెప్తుంటే విన్నాను. రాత్రి పది దాటితే కళ్లు వాలిపోతున్నాయి, ఫోన్ చూస్తూ పన్నెండింటిదాకా మేలుకోవడం దానంతటదే పోయింది. నిద్రకి ఇంతకన్నా మంచి మందు నాకు దొరకలేదు.

నలుగురూ అనేవి మొదట్లో ఉంటాయి. అపార్ట్‌మెంట్‌లో “స్కూటీ అమ్మేశారా?” అని అడిగారు. ఆఫీసులో “పెట్రోల్ ధర అంత పెరిగిందా మేడమ్?” అని నవ్వారు. ఒక పెళ్లిలో మా దూరపు చుట్టం ఒకావిడ “ఈ వయసులో సైకిలేంటమ్మా, చూసేవాళ్లు ఏమనుకుంటారు” అంటే, నేను నోరు తెరిచేలోపే మా అత్తయ్య “దాని కాళ్లు, అది తొక్కుకుంటుంది, నీ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి ముందు చెప్పు” అన్నారు. ఆ రోజుతో చుట్టాల్లో చర్చ ముగిసింది.

బట్టల గురించి అడిగేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి చెప్తున్నా. కాటన్ కుర్తీ, కాళ్ల దగ్గర బిగుతుగా ఉండే ప్యాంటు. చున్నీ బ్యాగులో. చైనుకి పూర్తిగా కవర్ ఉన్న సైకిల్ తీసుకుంటే సగం గొడవ పోతుంది. ఆఫీసులో ఒక జత బట్టలు, తువ్వాలు, పౌడర్ డబ్బా ఉంచుకున్నాను. చీర కట్టాల్సిన రోజు స్కూటీయే, ఇందులో పట్టుదలలేం లేవు. గట్టి వానలోనూ అంతే.

ట్రాఫిక్ దగ్గరికొస్తే, కారు దారి, సైకిల్ దారి ఒకటి కానక్కర్లేదు. తార్నాక నుంచి సికింద్రాబాద్‌కి మెట్రో పిల్లర్ల పక్కన మెయిన్ రోడ్డు ఉంది. వీలైనంతవరకు నేను దాని మీద వెళ్లను. రైల్వే క్వార్టర్ల మీదుగా లోపలి రోడ్లున్నాయి, చెట్లు, నీడ, బస్సులుండవు. అర కిలోమీటరు ఎక్కువైనా ప్రాణానికి హాయి. మీరూ ఒక ఆదివారం ఫోన్‌లో మ్యాప్ చూసుకుంటూ మీ గల్లీలన్నీ తిరగండి, మీ దారి మీకు దొరుకుతుంది.

మెయిన్ రోడ్డు తప్పనిచోట నాకు తెలిసినవి ఇవీ. ఎడమ అంచుకి మరీ ఆనుకుని తొక్కకండి. మ్యాన్‌హోల్ మూతలు, కొట్టుకొచ్చిన ఇసుక, ఆగి ఉన్న కార్ల తలుపులు అన్నీ అక్కడే ఉంటాయి. రెండు మూడడుగులు లోపలికి ఉంటే వెనకవాడు హారన్ కొడతాడు. కొట్టనివ్వండి, హారన్ కొట్టాడంటే మిమ్మల్ని చూశాడనే. సిటీ బస్సు స్టాపులో ఆగితే దాని ఎడమ సందులో దూరొద్దు, దిగేవాళ్లు మీ మీదే దిగుతారు. ఆగండి, లేదా వెనక చూసుకుని కుడివైపు నుంచి దాటండి. మెట్రో పిల్లర్ల దగ్గర యూ టర్న్ తీసుకునే ఆటో పిల్లర్ చాటు నుంచి వస్తుంది, దానికి మనం కనపడం, మనకి అది కనపడదు. అక్కడ బ్రేకు మీద వేళ్లుండాలి. రాంగ్ రూట్లో వచ్చే బైకులకి మందు లేదు. కుక్కలు వెంటపడితే పారిపోవద్దు, దిగి సైకిల్‌ని అడ్డంగా పెట్టుకుని నడవండి, చాలావరకు వాటికి ఆసక్తి పోతుంది. హెల్మెట్, వెనక ఎర్రగా మిణుకుమనే లైటు లేకుండా గేటు దాటొద్దు. వాననీళ్లు నిలిచిన చోట ఎంత లోతుందో తెలియకుండా సైకిల్ దింపొద్దు. మన ఊళ్లో రైలు బ్రిడ్జిల కింద ఇది మరీ ముఖ్యం.

ఇంకోటి, హైదరాబాద్ దక్కన్ పీఠభూమి మీద, సముద్రమట్టానికి 500 మీటర్లకి పైన ఉన్న ఊరు. రాళ్లూ గుట్టలూ చదును చేసి వేసిన రోడ్లు, ఎత్తుపల్లాలు తప్పవు. రాజమండ్రిలో తొక్కినట్టు ఇక్కడ గేర్లు లేని సైకిల్ తొక్కాలంటే నలభై దాటిన మోకాళ్లకి కష్టం. అలాగని 21 గేర్లూ అక్కర్లేదు, ఏడుంటే చాలు. ఎత్తు రాకముందే తేలిక గేర్‌లోకి మారి, కాళ్లు గబగబా తిరిగేలా తొక్కాలి. బరువు గేర్‌లో బలంగా తొక్కితే భారమంతా మోకాలి మీదే పడుతుంది.

ఈ మాట నాకు చెప్పింది హబ్సిగూడ వైపు గల్లీలో పంచర్ షాపు నడిపే పెద్దాయన. అందరూ చాచా అంటారు. ఒకప్పుడు ఆయన దగ్గర అద్దె సైకిళ్లు వరసగా నిలబెట్టి ఉండేవట, ఇప్పుడు అన్నీ బైకు ట్యూబులే. సైకిల్ తెచ్చే మనిషిని చూస్తే ఆయనకి సంబరం. నా సీటు ఎత్తు సరిచేసిందీ ఆయనే. పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలి. అలా ఉంటే, వేళ్ల వైపు పాదంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, అదే సరైన ఎత్తు. సీటు కిందికి ఉంటే మోకాలి ముందు భాగం నొప్పి పుడుతుంది. పంచర్ వెయ్యడం కూడా ఆయనే నేర్పారు. ట్యూబ్‌ని నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు వచ్చేచోట గుర్తుపెట్టుకోవాలి. తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాయాలి. రాసిన వెంటనే ప్యాచ్ అంటించకూడదు, అది కాస్త ఆరేదాకా ఆగాలి. “ఆప్ కో జల్దీ హై, సొల్యూషన్ కో నహీ” అంటారు నవ్వుతూ, తొందర మీకు గానీ సొల్యూషన్‌కి కాదని.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పు వేసిన సైకిల్ ట్రాక్ గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. 2023 అక్టోబర్ 1న ప్రారంభించారు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకొకటి, మొదలుపెట్టినప్పుడు కలిపి 23 కిలోమీటర్లు. మా అబ్బాయీ నేనూ కారులో సైకిళ్లు వేసుకెళ్లి తొక్కాం. ఎండ తగలదు, బళ్లు రావు, కొత్తగా నేర్చుకునేవాళ్లకి బంగారం లాంటి చోటు. కానీ సైకిల్ తొక్కడానికి కారులో పాతిక కిలోమీటర్లు పోవడం రోజూ అయ్యే పని కాదు. పొద్దున్నే పాలూ పేపర్లూ వేసేవాళ్లు, నైట్ డ్యూటీ దిగి ఇంటికెళ్లే వాచ్‌మన్లు, కూలి పనులకి పోయేవాళ్లు, ఊళ్లో నిజంగా సైకిల్ మీద బతికేది వీళ్లు. వీళ్లు తొక్కే రోడ్ల మీద ఒక తెల్లగీత గీసినా చాలు అనిపిస్తుంది నాకు.

దూరాలు తొక్కే బృందాలూ మన ఊళ్లో ఉన్నాయి. గడువులోపు పూర్తిచెయ్యాల్సిన ఆ దూరపు తొక్కుడుని బ్రెవే అంటారు, 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తిచెయ్యాలి. తర్వాత 300, 400, 600. ఇవి దాటినవాళ్లు ఫ్రాన్స్‌లో నాలుగేళ్లకోసారి జరిగే పారిస్–బ్రెస్ట్–పారిస్‌కి పోతారు, 1200 కిలోమీటర్లు, 90 గంటలు. వాళ్లకో దండం. మీకు అటు మనసు లాగితే లాగనివ్వండి. జీవితం మారాలంటే మాత్రం అంత దూరం పోనక్కర్లేదు.

చివరగా, సైకిల్ ఇప్పుడే కొనకండి. 15 నుంచి 20 వేలు పెడితే మంచి హైబ్రిడ్, అంటే నున్నటి రోడ్డుకీ గతుకులకీ పనికొచ్చే సైకిల్, వస్తుంది, సగం ధరకి సెకండ్ హ్యాండ్‌వీ దొరుకుతాయి. చాలామంది ఉత్సాహంగా కొని బాల్కనీలో దాని మీద బట్టలు ఆరేసుకుంటున్నారు మరి. ముందు తెలిసినవాళ్ల సైకిల్ అడిగి, ఒక నెల ఆదివారాలు తొక్కి చూడండి. మీరుండేది మా వైపైతే ఉస్మానియా క్యాంపస్‌కి రండి. ఆరు గంటలకల్లా వస్తే ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్లు ఖాళీగా ఉంటాయి, వాకింగ్ చేసేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. ఎనిమిది దాటితే బళ్లు మొదలవుతాయి. నీళ్ల సీసా తెచ్చుకోండి. బయల్దేరేముందు టైర్లలో గాలి చూసుకోండి, ఎంత కొట్టాలో టైరు పక్కనే రాసి ఉంటుంది.