డీజిలా, పెట్రోలా? ధరలో తేడాను లీటర్లలోకి మార్చి చూడండి

ప్రశ్న: నాది చిన్న ఫర్నిచర్ తయారీ వ్యాపారం. సామాను చేరవేయడానికి సెకండ్ హ్యాండ్ పికప్ కొనాలనుకుంటున్నాను. రెండు బండ్లు చూశాను. రెండూ ఒకే మోడల్, ఒకే ఏడాదివి. ఒకటి టర్బో డీజిల్, 1,60,000 కిలోమీటర్లు తిరిగింది. రెండోది పెట్రోల్, 1,10,000 తిరిగింది. డీజిల్ బండి ధర ఐదో వంతు ఎక్కువ. నేను తిరిగేది రోజుకు 40 కిలోమీటర్లలోపే, అదీ ట్రాఫిక్‌లో ఆగుతూ ఆగుతూ. నెలకు రెండుసార్లు నిండు లోడుతో దూరం వెళ్లాలి. డీజిల్ అయితే మైలేజీ వస్తుందని, ఇంజిన్ గట్టిదని, తర్వాత అమ్మినా మంచి ధర పలుకుతుందని అందరూ అంటున్నారు. ఆరు నెలల ఖర్చుల కోసం దాచిన అత్యవసర నిధి మొత్తం తీసి చేతిలో ఉన్న డబ్బుకు కలిపితే అప్పు లేకుండా డీజిల్ బండి వస్తుంది. పెట్రోల్ అయితే అందులో సగం మిగులుతుంది. ఏ ఇంజిన్ తీసుకోమంటారు?

జవాబు: మీ వాడకానికి పెట్రోల్ బండే సరైనది. మీకు సలహా ఇచ్చినవాళ్లు డీజిల్ గురించి చెప్పింది అబద్ధం కాదు. ఒక లీటరు డీజిల్‌లో లీటరు పెట్రోల్ కంటే 10 శాతానికి పైగా ఎక్కువ శక్తి ఉంటుంది, ఆ ఇంజిన్ దాన్ని వాడుకునే తీరు కూడా మెరుగే. తక్కువ వేగంలోనే బరువు లాగుతుంది. అయితే ఆ లాభాలన్నీ చేతికి రావాలంటే బండి బాగా తిరగాలి. మీది అంత తిరగదు.

ఇలాంటి చోట నేను ధరలో తేడాను ఇంధనంలోకి మార్చి చూస్తాను. డీజిల్ బండికి అదనంగా అడుగుతున్న డబ్బుతో ఎన్ని లీటర్ల పెట్రోల్ వస్తుందో లెక్కేయండి. ఉదాహరణకు 2,000 లీటర్లు వస్తుందనుకుందాం. మీరు ఏడాదికి దాదాపు 12,000 కిలోమీటర్లు తిరుగుతారు. డీజిల్ లీటరుకు 12, పెట్రోల్ లీటరుకు 9 కిలోమీటర్లు ఇస్తే ఏడాదికి 1,000 లీటర్ల డీజిల్ లేదా 1,333 లీటర్ల పెట్రోల్ పడుతుంది. రెండింటి ధరా ఒకటే అయితే ఏటా మిగిలేది 333 లీటర్లు. అదనంగా పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఆరేళ్లు. మీ దగ్గర లీటరు డీజిల్ ధర పెట్రోల్ కంటే పది శాతం ఎక్కువైతే 1,000 లీటర్ల డీజిల్ 1,100 లీటర్ల పెట్రోల్ ధరతో సమానం. అప్పుడు మిగిలేది 233 లీటర్ల విలువే, అప్పుడు ఎనిమిదిన్నర ఏళ్లు దాటుతుంది. ఈలోగా ఆ బండి మీటరు 2,60,000 చూపిస్తుంటుంది. డీజిల్ ధర తక్కువగా ఉన్నచోట లెక్క కొంచెం డీజిల్ వైపు తిరుగుతుంది కాబట్టి మీ అంకెలతో మళ్లీ వేసుకోండి. మైలేజీ అంకె మాత్రం కంపెనీ చెప్పింది వేయకండి, అలాంటి బండి నడిపేవాళ్లను అడగండి.

ఏడాదికి 30,000 కిలోమీటర్లు, అదీ ఎక్కువగా హైవే మీద తిరిగేవాళ్లకైతే డీజిల్ పది శాతం ఖరీదైనా ఇదే తేడా మూడున్నర ఏళ్లలో వచ్చేస్తుంది. వాళ్లకు నేనే డీజిల్ తీసుకోమంటాను.

ఈ లెక్కలో ఇంకా రిపేర్లు కలపలేదు. మీ వాడకంలో అసలు భయం అక్కడే. ఈ కాలపు డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టడానికి డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. పట్టిన మసిని బండి తనంతట తానే ఎప్పటికప్పుడు కాల్చేసుకోవాలి. అందుకు ఫిల్టర్ దగ్గర సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. హైవే మీద కాసేపు నిలకడగా నడిపితే పని పూర్తవుతుంది. నాలుగైదు కిలోమీటర్లు వెళ్లి సామాను దించి, మళ్లీ స్టార్ట్ చేసి ఇంకో నాలుగు వెళ్తుంటే ఆ కాల్చడం ప్రతిసారీ సగంలో ఆగిపోతుంది. ఆ వేడి పుట్టించడానికి చాలా ఇంజిన్లు సిలిండర్లలోకే అదనంగా డీజిల్ చిమ్ముతాయి. అందులో కాలనిది కొంత గోడల వెంట జారి కింద ఉన్న ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలచబడితే ముందు దెబ్బ తినేవి టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే భాగం), బేరింగులు.

దీన్ని మీరే పట్టుకోవచ్చు. ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అంటే డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టి చూడండి. ఆయిల్ పై గీతను దాటి ఉండి, రెండు వేళ్ల మధ్య రాస్తే జిగి లేకుండా జారిపోతూ, డీజిల్ వాసన వస్తుంటే ఆ బండి ఇన్నాళ్లూ మీలాగే ట్రాఫిక్‌లో తిరిగిందని అనుమానించాలి. ఆయిల్ తగ్గితే అందరూ కంగారుపడతారు, పెరిగితే ఎవరూ పట్టించుకోరు. నల్లగా ఉందని మాత్రం టెన్షన్ పడకండి. డీజిల్ ఇంజిన్‌లో ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. ‘ఆ ఫిల్టర్ తీసేయించాం, ఇక గొడవే లేదు’ అని అమ్మేవాళ్లు చెబితే అక్కడితో బేరం ఆపేయండి. చాలా దేశాల్లో అది చట్టవిరుద్ధం, పొగ పరీక్షలో బండి ఫెయిలైతే ఖర్చు మీదే. ఇక డీజిల్‌ను సిలిండర్లలోకి చిమ్మే ఇంజెక్టర్లు, హైప్రెజర్ పంపు. 2,000 బార్ దాకా ఒత్తిడితో పనిచేసే ఆ భాగాలు పాడవడానికి డీజిల్‌లో కొంచెం నీళ్లు కలిసినా చాలు. అక్కడ వచ్చే ఒక్క బిల్లుతో మీరు మైలేజీలో మిగిల్చింది కొట్టుకుపోవచ్చు.

మీటరు మీద కనిపించే కిలోమీటర్లు చూసి మురిసిపోకండి, పెట్రోల్ బండిదైనా సరే. చాలా పికప్‌లలో ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో కూడా నమోదవుతుంది. డిస్‌ప్లేలో లేకపోతే మెకానిక్ బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్‌తో చూడగలడేమో అడగండి. కిలోమీటర్లను గంటలతో భాగించండి. 1,10,000 కిలోమీటర్లకు 2,200 గంటలైతే సగటు వేగం 50, హాయిగా తిరిగిన బండి. అవే కిలోమీటర్లకు 5,500 గంటలైతే సగటు 20. అంటే చాలాసేపు నిలబడిన చోటే ఇంజిన్ ఆన్‌లో ఉంది. ఆ అరుగుదల మీటరులో కనిపించదు. అమ్మేవాడు అబద్ధం చెప్పకపోయినా కొనేవాడు మోసపోయేది ఇలాగే.

‘ఫలానా కంపెనీ ఇంజిన్ అంటే తిరుగులేదు’ అనే మాటనూ కొంచెం తగ్గించి వినండి. కంపెనీకి ఉన్న పేరు వేరు, ఆ ఏడాది ఆ బండిలో పెట్టిన ఇంజిన్ వేరు. ఫోర్డ్ పెద్ద పికప్‌లలో పవర్‌స్ట్రోక్ పేరుతో వచ్చిన పాత 7.3 లీటర్ల డీజిల్‌ను ఇప్పటికీ వెతికి మరీ కొంటారు. అదే పేరుతో 2003 మోడల్ నుంచి వచ్చిన 6.0 లీటర్ల ఇంజిన్ కూలర్లు మూసుకుపోవడానికి, హెడ్ గాస్కెట్లు (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీళ్లు) పోవడానికి పేరుపడింది. నమ్మకానికి మారుపేరుగా చెప్పుకునే టయోటా కూడా 2022, 2023 మోడల్ టండ్రా పికప్‌లను 2024లో వెనక్కి పిలవాల్సి వచ్చింది. తయారీలో మిగిలిపోయిన లోహపు రజను ఇంజిన్‌లో ఉండటమే కారణం. అందుకే బండి ఛాసిస్ నంబరుతో రీకాల్ ఉందా, ఉంటే ఆ పని చేయించారా అన్నది కంపెనీ సర్వీస్ సెంటర్లో కనుక్కోండి. కొత్త ఇంజిన్ వచ్చిన మొదటి ఏడాది మోడల్ అయితే నేను వదిలేస్తాను.

పెట్రోల్ ఇంజిన్‌కూ దాని జబ్బులు దానికున్నాయి. డైరెక్ట్ ఇంజెక్షన్ అయితే పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి వెళ్తుంది, ఇన్‌టేక్ వాల్వుల మీద పడదు. అక్కడ కార్బన్ పేరుకుంటుంది. చిన్న టర్బో పెట్రోల్ ఖాళీగా వెళ్తే మైలేజీ ఇస్తుంది కానీ లోడు పడగానే ట్యాంకు తాగేస్తుంది. మీ రెండో బండి టర్బో లేని సాదా ఇంజిన్ అయితే ఇంకా మంచిది. వేగం అందుకోవడంలో కాస్త నెమ్మదిగా అనిపించినా చెడిపోయే భాగాలు తక్కువ. వాల్వులను పిస్టన్ల కదలికతో కలిపి నడిపే టైమింగ్ బెల్టు ఉందా, దాని బదులు చైన్ ఉందా అని అడగండి. బెల్టు అయితే చాలా మోడళ్లలో లక్ష, లక్షన్నర కిలోమీటర్ల మధ్య మార్చాలి. 1,10,000 దగ్గర మార్చిన బిల్లు చూపించలేకపోతే ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. బెల్టు తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ దింపాల్సి వస్తుంది.

నెలకు రెండుసార్లు వేసే నిండు లోడు సంగతి. బండి ఎంత మోయగలదో ఇంజిన్ ఒక్కటే తేల్చదు. యాక్సిల్, స్ప్రింగులు, బ్రేకులు, గేర్ నిష్పత్తి కలిసి తేలుస్తాయి. డ్రైవర్ డోర్ పక్కన స్టిక్కరో, ప్లేటో ఉంటుంది. బరువు పరిమితి అక్కడ చూడండి. మీ సామాను ఆ లోపల ఉంటే పెట్రోల్ ఇంజిన్ లాగుతుంది, ఎత్తుల దగ్గర గేరు తగ్గించాలి, అంతే. ఏడాదికి 24 ప్రయాణాల కోసం మిగిలిన రోజులన్నీ డీజిల్ తిప్పలు పడటం నాకు లాభసాటిగా తోచలేదు.

తర్వాత అమ్మితే వచ్చే ధర మాటకొస్తే, పాత డీజిల్ బండ్ల మీద ఆంక్షలు చాలాచోట్ల పెట్రోల్ బండ్ల కంటే ముందే పడుతున్నాయి. లండన్‌లో అదనపు రుసుము లేకుండా తిరగాలంటే పెట్రోల్ బండికి యూరో 4 చాలు, డీజిల్‌కు యూరో 6 కావాలి (ఇవి ఐరోపా పొగ ప్రమాణాలు, అంకె పెరిగేకొద్దీ కఠినం). మీ దగ్గర ఎలాంటి నిబంధన ఉందో చూసుకున్నాకే ఆ మాట నమ్మండి.

ఇక అత్యవసర నిధి. మీది నెల జీతం కాదు, ఆర్డర్ల మీద నడిచే బతుకు. అందులో సగం కూడా తీయకండి. ఆ నిధి కాకుండా చేతిలో ఉన్నది కట్టి, తక్కువ పడిన మొత్తానికి అప్పు తీసుకోండి. గడువు మూడేళ్లు దాటనివ్వకండి. పాత బండికి ఐదారేళ్ల ఈఎంఐ పెట్టుకుంటే చివరి రెండేళ్లు ఒక చేత్తో వాయిదా, ఇంకో చేత్తో మెకానిక్ బిల్లు కట్టాల్సి వస్తుంది. బండి ధరలో 10 నుంచి 15 శాతం రిపేర్లకని వేరే ఖాతాలో ఉంచండి. అది కూడా కలిపితేనే మీ అసలు కొనుగోలు ధర. అంత పెట్టలేకపోతే ఇంకొంచెం చవక బండి చూడాలి. బీమా వ్యాపార వాడకానికి చేయించండి, సొంత వాడకం పాలసీతో సామాను మోస్తే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది.

బండి చూడటానికి వెళ్లేముందు స్టార్ట్ చేసి ఉంచొద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేయండి. వెచ్చగా ఉంటే ఇంకోరోజు వస్తానని చెప్పి వచ్చేయండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. తియ్యటి వాసనతో తెల్లపొగ ఆగకుండా వస్తే ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ సిలిండర్లలోకి పోతోంది, హెడ్ గాస్కెట్ అనుమానించాలి. స్కానర్ పెట్టిన మెకానిక్‌ను ఒక్క మాట అడగండి: బండి స్వయంగా చేసుకునే పరీక్షలన్నీ పూర్తయినట్టు చూపిస్తోందా అని. చాలావరకు పూర్తి కాలేదంటే ఎవరో ఈమధ్యే ఎర్రర్ కోడ్లు తుడిపేసి ఉండొచ్చు, లేదా బ్యాటరీ తీసి ఉండొచ్చు. కొన్నాళ్లు నడిపాక మళ్లీ చూడనిస్తారేమో అడగండి.

మీరు చూసిన పెట్రోల్ బండి ఈ తనిఖీలో ఫెయిలైతే, పక్కనే సిద్ధంగా ఉంది కదా అని డీజిల్ వైపు వెళ్లకండి. ఇంకో పెట్రోల్ బండి వెతకండి. అమ్మేవాళ్లతో సంబంధం లేని మెకానిక్‌తో రెండు మూడు బండ్లు చూపించడానికయ్యే ఫీజు కూడా ఇప్పుడే బడ్జెట్‌లో రాసుకోండి.